న్యూట్ పిల్లలు గట్టెక్కాక: కొబ్బరి పొట్టు కడిగాకే వేయండి

న్యూట్ అంటే బల్లిలా కనిపించే, కప్పల్లాంటి ఉభయచరం. దాని పిల్లల మెడ పక్కన ఈకల్లా ఉండే మొప్పలు కుదించుకుపోతున్నాయంటే ఇక నీళ్ల లోతు తగ్గించి, ఎక్కి కూర్చోవడానికి వాలుగా ఓ రాయి పెట్టాలి. లేకపోతే మునిగి చస్తాయి. ఆ తర్వాత నెలల తరబడి, కొన్ని జాతులైతే రెండు మూడేళ్లు, నేల మీదే ఉంటాయి.

డబ్బాలో పరవడానికి మన ఉద్దానం కొబ్బరి పొట్టు భేషుగ్గా పనికొస్తుంది. చిక్కల్లా అందులోని ఉప్పుతోనే. ఇవి చర్మంతో నీరు పీల్చుకునే జీవాలు, ఉప్పు తగిలితే ఒంట్లో తడి లాగేస్తుంది. ఒక రోజు నిల్వ ఉంచిన బోరు నీళ్లలో (అవీ ఉప్పగా ఉండకూడదు) రాత్రంతా నానబెట్టి పిండండి. ఇలా కనీసం మూడుసార్లు. 4-5 సెంటీమీటర్ల మందం పరిచి, పిడికిట్లో నొక్కితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉంచండి. ఓ మూల కాస్త పొడిగా వదలాలి. అంతా చిత్తడైతే చర్మానికి పుళ్లు పడతాయి.

తిండికి స్ప్రింగ్‌టెయిల్స్ (తడి మట్టిలో గెంతే చిట్టి పురుగులు), మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలు. పురుగు న్యూట్ పిల్ల తల వెడల్పు కన్నా పెద్దదైతే వద్దు. కదలనిదాన్ని చాలా పిల్లలు ముట్టవు.

తడి గాజు మీద ఇవి చకచకా పాకేస్తాయి, కాబట్టి సన్న జాలీ మూత బిగించాలి.

అసలు గండం ఎండాకాలం. ఫైర్‌బెల్లీ (ఎర్ర పొట్ట) రకం న్యూట్‌లకి 18-22 డిగ్రీలు హాయి. 26 దాటితే తిండి మానేస్తాయి. శ్రీకాకుళం మే నెల ఎండకి, డబ్బా చల్లబరచడానికి పెట్టే ఐస్ సీసాలు ఆగవు. రోజంతా ఏసీ నడిచే గది లేకపోతే పెంచకపోవడమే నయం.