ఆమ్‌స్టర్‌డామ్ కాలువల్లో పడవ షికారు: ఎప్పుడు ఎక్కాలి, ఏ పడవ ఎంచుకోవాలి, ఏం చూడాలి?

మేం ఆమ్‌స్టల్‌వేన్‌లో ఉంటాం. ఆమ్‌స్టర్‌డామ్‌ని ఆనుకుని ఉన్న ఊరు. ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా వాళ్లని కాలువల్లో పడవ ఎక్కించే డ్యూటీ నాదే. మొదట్లో ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ రైల్వే స్టేషన్ ఎదురుగా ఏది కనిపిస్తే అది ఎక్కించేసేదాన్ని. గంట తర్వాత దిగి, "బావుందమ్మా" అనేవాళ్లు, మనం వండిన కూరలో ఉప్పు తక్కువైనా బావుందంటారే, అలాగ. ఇప్పుడు అలా కాదు. పడవ ఎంపికలో నాలుగు జాగ్రత్తలు, ఎక్కేముందు పది నిమిషాల కబుర్లు. అంతే తేడా. ఆ జాగ్రత్తలూ ఆ కబుర్లే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పడవ సంగతి తేల్చుకోండి

ఇక్కడ పడవలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, అద్దాల పైకప్పు ఉన్న పొడవాటి పెద్ద పడవ. బల్లలూ కుర్చీలూ వేసి ఉంటాయి, వంద మంది దాకా పడతారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే రికార్డు చేసిన వ్యాఖ్యానం వినిపిస్తుంది. చాలా భాషలు ఉంటాయి, మనం ఇంగ్లీషుతో సర్దుకోవాలి. రెండోది, పైకప్పు లేని చిన్న పడవ. పది ఇరవై మంది కూర్చుంటారు, నడిపే మనిషే కబుర్లు చెబుతాడు.

నా ఓటు చిన్న పడవకే. పెద్ద పడవలో రికార్డింగు తన దారిన తాను పోతుంది. "మీ ఎడమ వైపు చూడండి" అనేసరికి ఆ ఇల్లు వెనక్కి వెళ్లిపోయి ఉంటుంది. చిన్న పడవలో అయితే మీరు అడిగిందానికి జవాబు వస్తుంది. నడిపేవాడు ఎదురుగా వచ్చే పడవలో తన స్నేహితుణ్ని డచ్‌లో ఆటపట్టిస్తాడు, అదీ చూడ్డానికి బావుంటుంది. కాకపోతే చంటిపిల్లలున్నా, వానొచ్చేలా ఉన్నా, డిసెంబరు చలైనా మారు మాట్లాడకుండా అద్దాల పడవే ఎక్కండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే బుక్ చేసేముందే మెట్ల గురించి అడగండి. గట్టు మీద నుంచి చిన్న పడవలోకి దిగాలంటే పెద్ద అంగే వేయాలి, పైగా కాలు పెట్టగానే పడవ ఊగుతుంది. మా అత్తయ్యగారు ఒక కాలు గట్టు మీద, ఒక కాలు పడవలో పెట్టి ఆంజనేయ దండకం మొదలుపెట్టారు.

పెద్ద పడవకి గంట నుంచి గంటంపావు షికారుకి మనిషికి 15 నుంచి 25 యూరోల మధ్య అవుతుంది. చిన్న పడవకి ఇంకాస్త ఎక్కువ. చీజ్, వైన్ కలిపిన ప్యాకేజీలు ఇంకా ఖరీదు. చీజ్ బయట కొట్లో కొనుక్కోవచ్చు, దానికోసం డబ్బు తగలేయకండి. మ్యూజియాలు కూడా చూసే ఉద్దేశం ఉంటే 'ఐ ఆమ్‌స్టర్‌డామ్' సిటీ కార్డు లెక్క వేసి చూసుకోండి, అందులో ఒక పడవ షికారు కలిసే ఉంటుంది.

ఏ నెల, ఏ వేళ

జూన్‌లో ఇక్కడ రాత్రి పదింటి దాకా వెలుతురు ఉంటుంది. అందుకని వేసవిలో సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య ఎక్కండి. ఎండ వాలుగా పడి ఇటుక గోడలు ఎర్రగా వెలుగుతాయి, గట్ల మీద జనం కాళ్లు నీళ్ల వైపు వేలాడేసుకుని కూర్చుంటారు. మిట్టమధ్యాహ్నం ఎక్కితే ఫొటోల్లో అద్దాల తళుకు తప్ప ఏమీ పడదు. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి. అప్పుడు కాలువల పొడుగునా దీపాల కళాకృతులు పెట్టే లైట్ ఫెస్టివల్ నడుస్తుంది కాబట్టి చీకటి పడ్డాకే వెళ్లడం మేలు.

ఏప్రిల్ 27న మాత్రం ఈ ఆలోచన పెట్టుకోకండి. రాజుగారి పుట్టినరోజు. ఊరంతా నారింజ రంగు బట్టలు కట్టి కాలువల్లోకి దిగుతుంది. పడవకీ పడవకీ మధ్య నీళ్లు కనిపించవు. గట్టు మీద నిలబడి చూడ్డానికి సరదాగా ఉంటుంది గానీ, షికారుకి పనికిరాదు.

టికెట్టు, రేవు

ముందురోజే ఆన్‌లైన్‌లో తీసుకోండి. చిన్న పడవలు వారాంతాల్లో తొందరగా నిండిపోతాయి. ఇక్కడ చాలాచోట్ల నోట్లు తీసుకోరు, కార్డే. మీ బ్యాంకు కార్డుకి విదేశీ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో బయల్దేరకముందే చూసుకోండి.

టికెట్టు మీద రేవు పేరు జాగ్రత్తగా చదవండి. ఒకే కంపెనీకి స్టేషన్ దగ్గరొకటి, రైక్స్ మ్యూజియం దగ్గరొకటి, ఆన్ ఫ్రాంక్ (నాజీలకి దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన యూదు అమ్మాయి) ఇంటి దగ్గరొకటి రేవులుంటాయి. కిందటేడు మా పిన్నివాళ్లతో స్టేషన్ రేవులో దర్జాగా పావుగంట ముందే వెళ్లి నిలబడ్డాను. మా పడవ సరిగ్గా అదే టైముకి రైక్స్ మ్యూజియం రేవు నుంచి వెళ్లిపోయింది. డబ్బులు తిరిగి రాలేదు. తప్పు నాదే, చిన్న అక్షరాలు చదవలేదు. ఇక్కడ పడవ చెప్పిన నిమిషానికి కదులుతుంది, "ఒక్క ఐదు నిమిషాలు, దారిలో ఉన్నాం" అంటే కుదరదు.

ఎక్కేముందు బాత్రూమ్ పని చూసుకోండి. చిన్న పడవల్లో ఆ సదుపాయం ఉండదు, బయట చాలాచోట్ల డబ్బు కట్టాలి. గొడుగు వద్దు, గాలికి తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్ జాకెట్ పెట్టుకోండి. ఇంటి నుంచి పులిహోర తెస్తే బయటి తిండికి ఒప్పుకుంటారో లేదో అడిగి మూత తీయండి.

ఎక్కాక ఎక్కడ కూర్చోవాలి

చిన్న పడవలో నడిపేవాడు వెనక నిలబడతాడు. అతనికి దగ్గరగా కూర్చుంటే మాటలు వినబడతాయి. పెద్ద పడవలో తెరుచుకునే కిటికీ పక్క సీటు పట్టుకోండి. వంతెనలు చాలా కిందకి ఉంటాయి. తల వంచమంటే వెంటనే వంచండి, సెల్ఫీ కర్ర పైకెత్తకండి. వేగం గురించి భయం లేదు. ఊళ్లో కాలువల్లో గంటకి 6 కిలోమీటర్లు దాటకూడదు, అంటే చురుగ్గా నడిచే మనిషి వేగం.

ఏం చూడాలి

ఇక్కడే ఎక్కువమంది నష్టపోతారు. పడవలో కూర్చుని నీళ్లవైపు చూస్తూ ఉంటారు. తల పైకెత్తి ఇళ్ల నెత్తిన చూడాలి.

ఊరి మధ్యలో చంద్రవంకల్లా ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే కాలువలున్నాయి. లోపలిది పాత సింగెల్. దాని బయట హేరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్. గ్రాఖ్ట్ అంటే కాలువ. పెద్దమనుషుల కాలువ, చక్రవర్తి కాలువ, రాకుమారుడి కాలువ అన్నమాట. ఈ మూడింటి తవ్వకం 1613లో మొదలైంది. 2010లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మసాలాలు, బట్టలు, ధాన్యం అన్నీ నీళ్ల మీదే వచ్చేవి, పడవ తిన్నగా వర్తకుడి గుమ్మం ముందు ఆగేది. కాబట్టి ఈ ఇళ్ల ముఖం నీళ్ల వైపే. పడవలోంచి చూడమనేది అందుకే.

ప్రతి ఇంటి శిఖరాన ఒక దూలం బయటికి పొడుచుకొచ్చి, దానికో కొక్కెం వేలాడుతుంటుంది. ఇళ్లు ఇరుకు, లోపలి మెట్లు నిచ్చెన లాంటివి. బీరువా గానీ మంచం గానీ ఆ మెట్ల మీదుగా ఎక్కదు. తాడు కట్టి ఆ కొక్కెం మీదుగా లాగి కిటికీలోంచి లోపలికి తోస్తారు. ఇప్పటికీ చేస్తారు. చాలా ఇళ్ల ముందుగోడ కాస్త ముందుకు వంగి కనబడుతుంది. పైకి లాగే సామాను గోడకి కొట్టుకోకుండా కావాలనే అలా కట్టారు. పక్కలకి ఒరిగిపోయిన ఇళ్లు వేరే సంగతి, వాటికి పునాదులు కుంగాయి. శిఖరాల ఆకారాలు కూడా గమనించండి: మెట్లు మెట్లుగా ఉన్నవి పాతవి, సీసా మెడలా నిలువుగా లేచేవీ, గంట ఆకారంలో ఉన్నవీ తర్వాతివి. హేరెన్‌గ్రాఖ్ట్ ఒక చోట వంపు తిరుగుతుంది. దాన్ని బంగారు వంపు అంటారు. అక్కడ ఇళ్లు ఉన్నట్టుండి రెట్టింపు వెడల్పు అవుతాయి. ఆ కాలపు కోటీశ్వరులు రెండేసి స్థలాలు కొని కట్టుకున్నవి.

అదే కాలువ మీద రెగులియర్స్‌గ్రాఖ్ట్ కలిసే మూలలో పడవ నెమ్మదిస్తుంది. కెమెరా అప్పుడు తీయండి. ఒకదాని వెనక ఒకటిగా ఏడు వంతెనల కమానులు ఒకే వరసలో కనిపిస్తాయి. గట్టు మీద నిలబడితే ఈ దృశ్యం ఇంత బాగా కుదరదు. రాత్రయితే ప్రతి కమానుకీ దీపాలు, నీళ్లలో వాటి నీడ కలిసి గుండ్రటి వలయాలు. మా పడవ నడిపే అబ్బాయి అక్కడ మోటారు ఆపేశాడు. బ్యాటరీ పడవే కాబట్టి ముందూ పెద్ద చప్పుడు లేదు, ఆ చిన్న రొద కూడా ఆగేసరికి వంతెన మీద ఎవరి సైకిల్ చైనో కిర్రుమనడం వినిపించింది.

సైకిళ్లంటే గుర్తొచ్చింది. ఈ కాలువల లోతు మూడు మీటర్లు, అందులో మీటరు బురద, మీటరు సైకిళ్లు, మీటరు నీళ్లు అని ఇక్కడివాళ్ల జోకు. ఏటా 12,000 నుంచి 15,000 సైకిళ్లు కాలువల్లోంచి పైకి తీస్తారు కాబట్టి మరీ జోకు కూడా కాదు.

ప్రిన్సెన్‌గ్రాఖ్ట్‌లో 263వ నంబరు ఇంటి ముందు మాత్రం పడవలో మాటలు తగ్గిపోతాయి. ఆన్ ఫ్రాంక్ కుటుంబం 1942 జులై నుంచి 1944 ఆగస్టు దాకా ఆ ఇంటి వెనక భాగంలో దాక్కుంది. పడవలోంచి ముందుభాగమే కనిపిస్తుంది. లోపలికి వెళ్లాలంటే టికెట్లు ఆన్‌లైన్‌లోనే, అదీ వారాల ముందు. పక్కనే వెస్టర్‌కెర్క్ చర్చి, డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్‌ని పూడ్చింది అక్కడే. సింగెల్‌లో వెళ్తే పిల్లుల పడవ కోసం చూడండి. దిక్కులేని పిల్లులకి ఆశ్రమం, నీళ్ల మీద తేలుతూ ఉంటుంది. పిల్లలకి ఊరంతట్లో నచ్చేది అదే.

అడగాల్సిన ప్రశ్న

మామయ్యగారిది పాలకొల్లు దగ్గర. పుట్టి పెరిగింది గోదావరి కాలువ గట్టునే. పడవ ఎక్కిన పది నిమిషాలకి, "కాలువన్నావు, నీళ్లు పారట్లేదేంటమ్మా?" అన్నారు. అంతమందిని తిప్పాను, ఎవరూ అడగని ప్రశ్న. నాకు తెలీక పడవ అబ్బాయిని అడిగాను. ఆ రోజు మొత్తంలో గొప్ప కబురు అదే అయింది.

ఈ ఊరు నిలబడింది బురద మీద. ఇళ్లన్నీ బురద దాటి కింద ఇసుక పొర దాకా దిగ్గొట్టిన చెక్క గుంజల మీద ఉన్నాయి. డామ్ చౌకులో ఉన్న రాజభవనం ఒక్కదాని కిందే 13,659 గుంజలు. చెక్క నీళ్లలో మునిగి ఉన్నంతకాలం పుచ్చదు. నీటి మట్టం తగ్గి గుంజ తలకి గాలి తగిలిందా, కుళ్లడం మొదలు. అందుకని కాలువల్లో మట్టం పెరక్కుండా, తరక్కుండా కాపలా కాస్తారు. అయితే పారని నీళ్లు కంపు కొట్టవా? లాకులున్నాయి, అంటే కాలువ నీళ్లని ఆపే తలుపుల కట్టడాలు. వారంలో కొన్ని రాత్రులు లాకుల తలుపులు మూసి, తూర్పు వైపు నుంచి కొత్త నీళ్లు పంపి, పాత నీళ్లని పడమటికి తోసేస్తారు.

లాకులు అనగానే మామయ్యగారు లేచి నిలబడబోయారు. "కూర్చోండి, వంతెన!" అని అందరం అరిచాం. అప్పటికే పడవ ఆమ్‌స్టెల్ నదిలోకి వచ్చింది. వెయ్యికి పైగా బల్బులతో వెలిగే తెల్ల చెక్క వంతెన, మఖెరె బ్రుఖ్, దాటగానే కనిపించాయి పెద్ద చెక్క తలుపులు.

ఆయన ఊరితో ఈ దేశానికి ఇంకో చుట్టరికం ఉంది. 1602లో పెట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నం, పాలకొల్లు, భీమునిపట్నంలో కోఠీలు, అంటే వర్తక స్థావరాలు, నడిపింది. మన అద్దకపు బట్టలు ఇక్కడికొచ్చి పెద్దింటి ఆడవాళ్ల గౌన్లయ్యాయి. మీ పడవ ఊస్టర్‌డాక్ వైపు తిరిగే రకమైతే, నీళ్లలో నిలబడ్డ తెల్లటి చతురస్రపు భవనం కనిపిస్తుంది. 1656లో నౌకాదళం గోదాముగా కట్టినది, ఇప్పుడు నౌకా మ్యూజియం. పక్కన కట్టి ఉన్న తెరచాపల ఓడ ఆ కంపెనీ ఓడకి నమూనా. అలాంటి వాటిలోనే మన సరుకు వచ్చింది.

దిగాక

నడిపినవాడి కబుర్లు నచ్చితే మనిషికి ఒకటి రెండు యూరోలు చేతిలో పెట్టండి, బలవంతం ఏమీ లేదు. చేతిలో ఇంకో రోజుంటే రైల్లో అరగంటలో ఉట్రెక్ట్ వెళ్లి అక్కడి పడవా ఎక్కండి. అక్కడ కాలువ రోడ్డుకన్నా బాగా కిందకి ఉంటుంది. నీటి అంచున పాత గిడ్డంగులు హోటళ్లయ్యాయి, పడవ వాటి బల్లల పక్కనుంచే పోతుంది.

పడవలో నచ్చిన చోటుని మ్యాప్‌లో గుర్తు పెట్టుకుని, తర్వాత నడుచుకుంటూ వెళ్లండి. మిగతావాళ్లు చాక్లెట్ కొట్టుకి వెళ్తే, మామయ్యగారు నన్ను లాకుల దగ్గరికి వెనక్కి నడిపించారు. గట్టు మీద వంగి తలుపుల చెక్క, ఇనుప బద్దీలు, నీళ్లు కారే సందులు అన్నీ చూశారు. "మనవాళ్లయితే ఇక్కడ గ్రీజు పెట్టేవాళ్లు" అన్నారు.