స్క్రిప్టు నడిచింది, ఖాతా మారలేదు: టాలీ ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ సమస్యలు - పరిష్కారాలు

భీమవరంలో ఒక రొయ్యల మేత డీలరుకు లెక్కలు చూస్తాను. రోజూ సాయంత్రం చెరువుల రైతుల బాకీల జాబితాను టాలీప్రైమ్ (లెక్కల సాఫ్ట్‌వేర్, ఇకపై టాలీ) నుంచి ఒక పవర్‌షెల్ స్క్రిప్టుతో, అంటే విండోస్‌లో ఆదేశాలను వరుసగా నడిపే ఫైలుతో, బయటికి తీయడం, వసూళ్ల ఎంట్రీలను మరో స్క్రిప్టుతో లోపలికి పంపడం నా పనిలో భాగం. రెండు స్క్రిప్టులూ కర్ల్ అనే చిన్న ప్రోగ్రాం ద్వారా ఎక్స్‌ఎంఎల్ (సమాచారాన్ని ట్యాగుల మధ్య రాసే పద్ధతి) రూపంలోనే టాలీని అడుగుతాయి, టాలీ జవాబు కూడా అదే రూపంలో వస్తుంది. ఈ దారిలో నాకు ఎదురైన ఇబ్బందులు, వాటి కారణాలు ఇక్కడ రాస్తున్నాను. వేటిని సరిచేయబోయినా ముందుగా టాలీని మూసి, కంపెనీ డేటా ఫోల్డరును వేరే డ్రైవులోకి కాపీ చేసుకోవాలి.

సమస్య: కనెక్షన్ కుదరలేదని కర్ల్ 7వ నంబరు ఎర్రర్ ఇస్తుంది

టాలీ తెరిచి లేకపోవడమో, పోర్టు (ఇతర ప్రోగ్రాంలు టాలీతో మాట్లాడే నంబరు గల ద్వారం) తెరిచి లేకపోవడమో దీనికి కారణం. అదే కంప్యూటరులో బ్రౌజరు తెరిచి లోకల్‌హోస్ట్ (అంటే అదే కంప్యూటరు) 9000 పోర్టు చిరునామాకు వెళితే, సర్వర్ నడుస్తోందని టాలీ ఒక్క వాక్యంలో చెప్పాలి. చెప్పకపోతే ఎఫ్1 నొక్కి, సెట్టింగ్స్‌లోని కనెక్టివిటీలో టాలీని సర్వర్‌గా పనిచేయనిచ్చి, పోర్టు నంబరు 9000 ఉందో లేదో చూసి, టాలీని మళ్లీ తెరవాలి. మా దగ్గర అసలు కారణం చాలాసార్లు ఇంతకంటే చిన్నది: మధ్యాహ్నం కరెంటు పోయి కంప్యూటరు తిరిగి లేచినా, టాలీని ఎవరూ తెరిచి ఉండరు.

సమస్య: ఎర్రర్ ఏదీ రాలేదు, కానీ ఎంట్రీలు పడలేదు

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే దీన్ని వెంటనే ఎవరూ గమనించరు. ఉత్తరం చేరిందా లేదా అన్నంతవరకే కర్ల్ చూస్తుంది. అందులోని ఎంట్రీని టాలీ తీసుకుందా లేదా అన్నది టాలీ పంపే జవాబు లోపల ఉంటుంది. ఎన్ని కొత్తగా పడ్డాయి, ఎన్ని మారాయి, ఎన్నిటిని వదిలేసింది, ఎన్నిటిలో తప్పులున్నాయి అన్న అంకెలు ఆ జవాబులో వస్తాయి. తప్పు ఉంటే దాని కారణం కూడా ఒక వాక్యంగా వస్తుంది. కాబట్టి జవాబును ప్రతిసారీ తేదీ పేరుతో ఒక ఫైలులో దాచి, పంపిన ఎంట్రీల సంఖ్యను పడినవి, మారినవి కలిపిన సంఖ్యతో స్క్రిప్టే పోల్చి, తేడా వస్తే అక్కడే ఆగిపోయేలా రాయాలి.

జవాబులో ఎక్కువగా కనిపించే ఫిర్యాదు ఆ పేరుతో లెడ్జర్ (టాలీలో ఒక్కొక్కరి ఖాతా) లేదన్నది. ఒకే పేరు గల రైతులు నలుగురైదుగురు ఉంటారు కనుక పేరు పక్కన ఊరు రాసుకుంటాము. ఇంగ్లీషులో పాలకొల్లును ఒక గుమస్తా 'కె'తోనూ, మరొకరు 'సి'తోనూ రాస్తే టాలీకి ఆ రెండు పేర్లూ ఇద్దరు వేర్వేరు రైతులవి. పంపే ముందే టాలీ నుంచి లెడ్జర్ల జాబితాను తెప్పించి పేర్లను సరిపోల్చుకోవాలి. లేని లెడ్జర్‌ను స్క్రిప్టే సృష్టించుకునే ఏర్పాటు సులువుగా కనిపించినా నేను దాన్ని ఒప్పుకోను, ఎందుకంటే అప్పుడు ఒకే రైతు బాకీ రెండు ఖాతాలుగా చీలిపోతుంది.

పేరులో & గుర్తు ఉన్నా ఎక్స్‌ఎంఎల్ విరిగిపోతుంది; ఆ గుర్తు వెనక ఏ, ఎం, పి అక్షరాలు, సెమీకోలన్ చేర్చాలి. ఒకటి, రెండు, ముప్పై ఒకటో తేదీల ఎంట్రీలు తప్ప మిగతావన్నీ తిరిగి వస్తుంటే మాత్రం తప్పు స్క్రిప్టుది కాదు: లైసెన్సు అందక టాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లో (నేర్చుకునేవారి కోసం, ఆ మూడు తేదీల ఎంట్రీలనే తీసుకునే పద్ధతిలో) తెరుచుకుంది.

సమస్య: తెలుగు పేర్లు చెడిపోతున్నాయి

ముందుగా చెడిన తీరును చూడాలి. వరుసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే, పవర్‌షెల్ 5.1 ఆ జాబితాను సీఎస్‌వీగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక ఫైలుగా) రాసేటప్పుడు అక్షరాలు అక్కడే పోయాయి. ఆ ఫైలును బాగుచేయలేము, ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని చెప్పి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి. పిచ్చి గుర్తులు కనిపిస్తే ఫైలు బాగానే ఉండవచ్చు, ఎక్సెల్ దాన్ని వేరే ఎన్‌కోడింగ్‌లో చదువుతోంది. పవర్‌షెల్ 7 యూటీఎఫ్-8 ఫైలు మొదట్లో బామ్ గుర్తును (ఫైలు యూటీఎఫ్-8లో ఉందని ఎక్సెల్‌కు తెలిపేది) తనంతట తాను పెట్టదు కనుక దాన్ని అడిగి పెట్టించుకోవాలి.

సమస్య: చేత్తో నడిపితే బాగుంటుంది, టాస్క్ షెడ్యూలర్‌లో తేదీలు తారుమారవుతాయి

టాస్క్ షెడ్యూలర్ (చెప్పిన సమయానికి ప్రోగ్రాంలను నడిపే విండోస్ సౌకర్యం) స్క్రిప్టును వేరే యూజర్ ఖాతా కింద నడిపినప్పుడు ఆ ఖాతా తేదీ అమరిక అమెరికా పద్ధతిలో, అంటే నెల ముందు, రోజు తర్వాత, ఉండవచ్చు. అప్పుడు జూన్ 5 కాస్తా మే 6 అవుతుంది. టాలీకి సంవత్సరం, నెల, రోజు వరుసలో ఎనిమిది అంకెల తేదీ, అంటే 20250605 లాగా, స్క్రిప్టే కట్టి పంపాలి.

సమస్య: రెండోసారి నడిపితే వసూళ్లు రెండింతలయ్యాయి

ప్రతి వోచర్‌కూ (టాలీలో ఒక్కో ఎంట్రీకి) మారని రిమోట్ ఐడీ, అంటే బయటి నుంచి ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఇస్తే, అదే ఐడీతో మళ్లీ వచ్చినదాన్ని టాలీ కొత్తగా వేయకుండా పాతదాన్నే మారుస్తుంది. నేను రశీదు పుస్తకం నంబరును, రశీదు నంబరును కలిపి వాడుతున్నాను. అప్పటికే రెండుసార్లు పడినవాటిని మాత్రం డే బుక్ (రోజువారీ ఎంట్రీల జాబితా) తెరిచి, రశీదు పుస్తకం పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటిగా ఆల్ట్, డి నొక్కి తీసేయాలి.