డీజిల్, పెట్రోల్ కామ్‌షాఫ్ట్‌లు: లక్షణం ఒకటే, కారణం వేరు

పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్, సిలిండర్ హెడ్ (ఇంజిన్ పైభాగం) మీద నుంచి టక్ టక్ శబ్దం, పికప్ తగ్గడం: ఇంజిన్ వాల్వ్‌లను తెరిచి మూసే కామ్‌షాఫ్ట్‌లోని తేడాలు ఎక్కువగా ఈ మూడు రూపాల్లోనే బయటపడతాయి. పెట్రోల్ బండిలోనూ డీజిల్ బండిలోనూ లక్షణాలు ఇవే కాబట్టి రెండింటికీ ఒకే వైద్యం చేసి చెయ్యి కాల్చుకునేవారు చాలామంది ఉన్నారు. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక్క చుట్టు తిరుగుతుందన్నంత వరకే రెండింటికీ పోలిక. పెట్రోల్ ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం దాకా ఊపిరి పీల్చుకోవాలి కనుక దాని కామ్ లోబ్‌లు (వాల్వ్‌లను నొక్కే ఉబ్బెత్తు భాగాలు) వాల్వ్‌లను ఎక్కువసేపు తెరిచి ఉంచుతాయి, గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వ్‌ను ఆలస్యంగా మూస్తాయి. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ లేదు. గాలిని సుమారు 16 నుంచి 22 రెట్లు కుదించి, ఆ వేడితోనే ఇంధనాన్ని మండించాలి. అందుకే దాని కామ్ ఇన్‌టేక్ వాల్వ్‌ను త్వరగా మూస్తుంది. పిస్టన్ పైకొచ్చినప్పుడు హెడ్‌కూ దానికీ మధ్య మిల్లీమీటరుకు అటూ ఇటూగానే సందు ఉంటుంది కాబట్టి రెండు వాల్వ్‌లూ కలిసి తెరుచుకునే సమయం కూడా చాలా తక్కువ.

చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాకపోవడం, తెల్లపొగ రావడం

డీజిల్‌లో ఈ లక్షణం కనబడగానే అందరి చూపూ చల్లని ఇంజిన్‌ను వేడెక్కించే గ్లో ప్లగ్‌ల మీదికి, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల మీదికి పోతుంది. నేను చూసిన ఒక పుష్‌రాడ్ (కామ్ కదలికను పొడవాటి కడ్డీలతో వాల్వ్‌లకు అందించే) డీజిల్ సరుకుల బండికి ఆ రెండూ మార్చినా పొగ తగ్గలేదు. చివరికి వాల్వ్ కవర్ విప్పితే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ టాపెట్ గ్యాప్‌లో (వాల్వ్ పూర్తిగా మూసుకోవడానికి వదిలే సన్నని సందు) దాన్ని కొలిచే ఫీలర్ రేకు దూరనే లేదు. గ్యాప్ అసలు లేకపోతే వాల్వ్ పూర్తిగా సీటు మీద కూర్చోదు, కంప్రెషన్ జారిపోతుంది, గాలి వేడెక్కదు, మండని డీజిల్ తెల్లపొగగా బయటికి వస్తుంది. అదే తప్పు పెట్రోల్ ఇంజిన్‌లో జరిగితే బండి స్టార్ట్ అవుతుంది కానీ, స్లో స్పీడ్‌లో ఒక సిలిండర్ మిస్సవుతూ వణుకుతుంది. స్పార్క్ ఉండడం వల్ల లోపం కొంత కప్పబడిపోతుంది.

గ్యాప్‌ను ఇంజిన్ తయారీదారు చెప్పిన కొలతకే, వారు చెప్పిన వేడి స్థితిలోనే సరిచేయాలి. 1-3-4-2 ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) ఉన్న ఇంజిన్‌లో నాలుగో సిలిండర్ వాల్వ్‌లు ఒకటి మూసుకుంటూ ఒకటి తెరుచుకుంటూ ఊగే స్థితికి క్రాంక్‌ను తిప్పి, అప్పుడు ఒకటో సిలిండర్ టాపెట్లను సెట్ చేయాలి. అలాగే రెండోది ఊగుతుంటే మూడోది, ఒకటోది ఊగుతుంటే నాలుగోది, మూడోది ఊగుతుంటే రెండోది. రేకు రాకర్ (వాల్వ్‌ను నొక్కే చేయి) కింద వదులుగా ఆడకూడదు, బిగుసుకుపోకూడదు. లాగినప్పుడు వేళ్లకు సన్నగా పట్టినట్టు తెలియాలి. లాక్ నట్టు బిగించాక మరోసారి చూడకపోతే చేసిన పనంతా వృథా, ఎందుకంటే బిగింపులో స్క్రూ కొద్దిగా తిరుగుతుంది.

టాపెట్లు సరిగ్గా ఉన్నా కంప్రెషన్ అన్ని సిలిండర్లలో ఒకే మోతాదులో తక్కువగా ఉంటే, టైమింగ్ (క్రాంక్‌నూ కామ్‌నూ బెల్ట్‌తోనో చైన్‌తోనో కలిపే లెక్క) ఒక పన్ను తప్పిందేమో చూడాలి. పెట్రోల్ ఇంజిన్ ఒక పన్ను తప్పినా చాలాసార్లు నీరసంగా నడుస్తుంది. డీజిల్ అసలు అందుకోకపోవచ్చు.

టక్ టక్ శబ్దం

డీజిల్‌లో మండే శబ్దం సహజంగానే గట్టిగా ఉంటుంది కనుక కామ్ శబ్దం అందులో కలిసిపోతుంది. లోడు పెరిగినా తగ్గినా పెద్దగా మారకుండా, క్రాంక్ వేగంలో సగం లయతో వినబడితే అది వాల్వ్‌ల వైపు నుంచి వచ్చేదే. కామన్ రైల్ (ఒకే పైపులో డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో నిల్వ ఉంచే) ఇంజిన్‌లో శబ్దం ఏ సిలిండర్‌దో తెలుసుకోవడానికి ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేయడం ప్రాణాపాయం. ఆ ఒత్తిడిలో చిమ్మిన డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

ఫోక్స్‌వ్యాగన్ 1.9 టీడీఐలో యూనిట్ ఇంజెక్టర్ (ప్రతి సిలిండర్ ఇంజెక్టరే పంపుగా పనిచేసే) రకం వంటి ఇంజిన్‌లో కామ్‌షాఫ్ట్ మీద సిలిండర్‌కు మూడో లోబ్ కూడా ఉంటుంది. సుమారు 2,000 బార్ ఒత్తిడిని పుట్టించే ఇంజెక్టర్‌ను నొక్కేది అదే. దానికి చోటివ్వడానికి వాల్వ్ లోబ్‌లను సన్నం చేయవలసి వచ్చింది కనుక, తగని ఆయిల్ పోస్తే ముందుగా అరిగేవి ఆ సన్నని లోబ్‌లే. గోరుతో లోబ్ అంచును గీరి చూడండి: గోరు గీతలో చిక్కినా, అంచు పదునుగా తగిలినా, లోబ్ పని అయిపోయినట్టే. కామ్‌ను మారిస్తే టాపెట్లను కూడా మార్చాలి. పాత టాపెట్ కొత్త లోబ్‌ను కొద్ది రోజుల్లోనే తినేస్తుంది.

పెట్రోల్ డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలోనూ అదనపు లోబ్ ఉంటుంది కానీ, అది నొక్కేది హై ప్రెషర్ పంపును మాత్రమే. అక్కడ శబ్దం వస్తే పంపు విప్పి, కింద ఉన్న ఫాలోవర్ (లోబ్‌కూ పంపుకూ మధ్య ఉండే ముక్క) ముఖం అరిగిందేమో చూస్తే చాలు.

పికప్ తగ్గడం, బ్రేక్ పెడల్ గట్టిపడడం

నేటి పెట్రోల్ ఇంజిన్లలో చాలావాటికి కామ్ కోణాన్ని ఆయిల్ ఒత్తిడితో మార్చే ఏర్పాటు ఉంటుంది కాబట్టి, పికప్ పడిపోతే ముందు ఆయిల్ మార్చి, కంట్రోల్ వాల్వ్ జాలీని శుభ్రం చేయాలి. డీజిల్‌లో ఈ ఏర్పాటు అరుదు. అక్కడ టర్బో పైపులు, సాగిన టైమింగ్ చైన్ చూడాలి. డీజిల్‌కు పెట్రోల్‌లా బ్రేక్‌కు సాయపడే మానిఫోల్డ్ వాక్యూమ్ (గాలి పీల్చే పైపులోని శూన్యం) దొరకదు కనుక చాలా కార్లలో వాక్యూమ్ పంపును కామ్ కొసనే తగిలిస్తారు. పెడల్ రాయిలా మారితే ఆ పంపునూ దాని కప్లింగ్‌నూ తనిఖీ చేయండి.

బెల్ట్ తెగితే

టైమింగ్ బెల్ట్ తెగితే దయచేసి సెల్ఫ్ కొట్టవద్దు. డీజిల్‌లో పిస్టన్‌కూ వాల్వ్‌కూ మధ్య ఖాళీ లేదు కాబట్టి తిప్పిన ప్రతిసారీ ఇంకో వాల్వ్ వంగవచ్చు, ఇంకో రాకర్ విరగవచ్చు. హెడ్ విప్పి, వంగిన వాల్వ్‌లనూ గైడ్‌లనూ మార్చి, కొత్త బెల్ట్ ఎక్కించాక, క్రాంక్ బోల్టుకు స్పానర్ పెట్టి చేత్తో నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టకుండా, గుర్తులు మళ్లీ మొదటి నుంచి సరిచూడాలి.