ప్రెజెంటేషన్ నేర్చుకుందాం, 4వ పాఠం: మొదటి స్లైడు అంటే బస్సు బోర్డు

మూడో పాఠంలో ల్యాప్‌టాప్ ముట్టుకోవద్దు, కాగితం మీద ఒక్క లైను రాసుకోండి అన్నాను గుర్తుందా, ఎవరికి చెప్తున్నాం, వాళ్లని ఏం అడుగుతున్నాం అని. ఆ కాగితం పక్కన పెట్టుకుని కూర్చోండి, ఈరోజు ఇక ల్యాప్‌టాప్ తెరవచ్చు. రాయనివాళ్లు ముందు అది రాసుకుని రండి, నిజంగానే చెప్తున్నా, అది లేకుండా ఈ పాఠం చదివితే రంగులు మార్చుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఉదాహరణ మనం మొదటినుంచీ వాడుతున్నదే, ఒడిశాలో మా గుణుపురం దగ్గర జీడిపిక్కల యూనిట్ నడిపే మావయ్యది. కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. జీడిపిక్కలు మార్చి నుంచి మే దాకానే వస్తాయి, అప్పుడే ఏడాదికి సరిపడా కొని ఎండబెట్టి గోదాంలో పెట్టుకోవాలి, ఆ టైములో చేతిలో డబ్బు లేకపోతే కొన్నది కొన్ని నెలల్లో అయిపోయి మిషన్లు ఖాళీగా పడుంటాయి, పని చేసే ఆడవాళ్లకి కూలి ఉండదు. అందుకని ఆయన బ్యాంకుకెళ్లి వర్కింగ్ కేపిటల్, అంటే సరుకు కొని పని నడుపుకోడానికి అప్పు, అడగాలి, అదే ఫైలు కొంచెం మార్చి పప్పు కొనే పలాస వ్యాపారులకీ చూపించాలి. అంతే కథ.

ఆయన నా డీటీపీ షాపుకి తెచ్చిన మొదటి స్లైడు ఎలా ఉందంటే, నీలం బ్యాక్‌గ్రౌండు, పైన వంకర తిరిగిన అక్షరాల్లో వెల్‌కమ్, మధ్యలో గ్లోబు, గ్లోబు మీద రెండు చేతులు షేక్‌హ్యాండ్, కింద యూనిట్ పేరు, దాని కింద కంపెనీ ప్రొఫైల్ ప్రెజెంటేషన్ అని. అక్షరాలు ఒక్కోటీ ఎగురుకుంటూ వచ్చి కూర్చుంటున్నాయి.

"ఏట్రా బాబూ, బాగుందా?" అన్నాడు.

"బాగానే ఉంది గానీ మావయ్యా, ఇందులో జీడిపప్పు ఏది?"

"అదేటి, లోపల ఉంది కదా, ఏడో స్లైడులో."

అదీ విషయం. ఏడో స్లైడు దాకా ఎవరు ఆగుతారండీ.

ఇప్పుడు బస్సు బోర్డు సంగతి. సాయంత్రం మా బస్టాండులో నిలబడి చూడండి, బస్సు మలుపు తిరిగీ తిరగ్గానే సంచులు పట్టుకున్న జనం కదులుతారు, డ్రైవర్ ముందున్న అద్దం మీద దుమ్ము, లోపల బోర్డు మీద ఒడియా అక్షరాలు, మనవాళ్లలో సగం మందికి ఒడియా చదవడం గడగడా రాదు, అయినా ఏ బస్సో తెలిసిపోతుంది. ఎందుకంటే బోర్డు మీద చేరే ఊరు పేరు ఒక్కటే పెద్దగా ఉంటుంది, వయా ఊళ్లు కింద చిన్నగా ఉంటాయి, ఓనరు పేరు, పర్మిట్ నంబరు ఇవన్నీ ఎక్కడో పక్కన. ఓనరు పేరు పెద్దగా రాసి చేరే ఊరు చిన్నగా రాస్తే ఆ బస్సు ఎవడెక్కుతాడు? మన మొదటి స్లైడుల్లో నూటికి తొంభై అలాగే ఉంటాయి మరి, కంపెనీ పేరు ఇంత లావున, ఎందుకొచ్చారో ఎక్కడా ఉండదు.

ఇంకో విషయం చాలామంది ఆలోచించరు. మొత్తం ప్రెజెంటేషన్లో తెర మీద ఎక్కువసేపు ఉండేది ఈ మొదటి స్లైడే. మీరు వెళ్తారు, ల్యాప్‌టాప్ తగిలిస్తారు, ప్లగ్గు వదులుగా ఉంటుంది, పాత ప్రొజెక్టర్‌కి మీ వైరు పట్టదు, కన్వర్టర్ కోసం ఒకడు పరిగెడతాడు, అంతా సర్దుకున్నాక సార్ ఫోన్లో ఉంటారు, ప్యూన్ వచ్చి "ఆజ్ఞా, టికె రుహంతు" (అయ్యా, కాస్త ఆగండి) అని ఒడియాలో అంటాడు, టీలు వస్తాయి. ఒకసారి వాచీ చూసుకున్నా, పద్దెనిమిది నిమిషాలు. ఆ పద్దెనిమిది నిమిషాలూ గదిలో ఉన్న ఎనిమిదిమందీ చేసేదేం లేక తెర వైపే చూస్తున్నారు, తెర మీద ఏముంది, వెల్‌కమ్. అందుకే నేను మొదటి స్లైడుని ఆ ఖాళీ టైము కోసమే తయారు చేస్తాను, మనం నోరు విప్పకముందే మన మాట వాళ్ల బుర్రలోకి వెళ్లిపోవాలి అన్నమాట. ఇదే కారణంగా మొదటి స్లైడు మీద ఎగిరే అక్షరాలు వద్దంటాను, క్లిక్ చేస్తేనే అక్షరాలు వచ్చేలా యానిమేషన్ పెడితే మీరు క్లిక్ చేసేదాకా తెర ఖాళీ, బోర్డు లేని బస్సు.

సరే పనిలోకి దిగుదాం. కొత్త ఫైలు తెరవగానే డిజైన్ ట్యాబ్‌లో స్లైడ్ సైజ్ చూడండి. ఇప్పటి పవర్‌పాయింట్‌లో 16:9 ఉంటుంది, అంటే 13.333 అంగుళాల వెడల్పు, 7.5 ఎత్తు. పాత ప్రొజెక్టర్లు 4:3 ఆకారం, వాటి మీద మన స్లైడు వేస్తే పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి బొమ్మ చిన్నదవుతుంది. మీరు వెళ్లే చోట టీవీయా ప్రొజెక్టరా ముందే ఫోన్ చేసి అడగండి, సిగ్గుపడక్కర్లేదు. ఆకారం ఇప్పుడే ఖాయం చేసుకోవాలి, అంతా అయ్యాక మారిస్తే ఫోటోలూ అక్షరాలూ చిందరవందర అవుతాయి.

ఇక లైను. ఇక్కడే ఎక్కువ టైము పెట్టండి. మావయ్య కాగితం మీద రాసుకున్నది ఇది, "జీడిపిక్కల సేకరణ నిమిత్తం కార్యాచరణ మూలధన రుణ మంజూరు కొరకు అభ్యర్థన". చదువుతుంటేనే ఆవలింత వస్తోంది. నేను ఆయన్ని అడిగా, మావయ్యా ఇదే మాట అత్తకి ఎలా చెప్తావు అని. "సీజన్లో పిక్క కొని పెట్టుకుంటే ఏడాదంతా పని నడుస్తాదే అని చెప్తాను" అన్నాడు. అయిపోయింది, అదే టైటిలు, "సీజన్లో కొంటే ఏడాదంతా పని". ఐదు మాటలు కూడా లేవు. ఆ కొరకు, నిమిత్తం వాటిలో పనికొచ్చే ముక్క ఒక్కటి తీసి కింద చిన్నగా పెట్టాం, "జీడిపిక్కల కొనుగోలుకి వర్కింగ్ కేపిటల్". పైది చేరే ఊరు, కిందది వయా. బ్యాంకు ఫైల్లో ఇవే రెండు లైన్లూ ఇంగ్లీషులో పెట్టాం (ఈ పాఠంలో మాత్రం తెలుగులోనే చూపిస్తా), పలాసవాళ్ల ఫైల్లో తెలుగులో, కానీ వాళ్లకి కావాల్సింది వేరు కాబట్టి లైను కూడా మారింది, "పన్నెండు నెలలూ పప్పు సప్లై" అని. స్లైడు అదే, చేరే ఊరు వేరు. ఒకే బోర్డుతో రెండు రూట్లు తిప్పకండి.

టైటిలు రెండు వరసల్లోకి విరిగితే ఎక్కడ విరగాలో మీరే చెప్పాలి, పవర్‌పాయింట్‌కి వదిలేస్తే "సీజన్లో కొంటే ఏడాదంతా" ఒక వరస, "పని" ఒక్కటే అనాథలా రెండో వరస అవుతుంది. కర్సర్ "కొంటే" తర్వాత పెట్టి షిఫ్ట్ ఎంటర్ కొట్టండి.

ఇప్పుడు తెలుగు అక్షరాల బాధ. ఇది ఇంగ్లీషు వీడియోల్లో ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం సాగదీస్తా, ఏమనుకోకండి. పవర్‌పాయింట్ మామూలు థీమ్‌లో టైటిలుకి వరసల మధ్య దూరం 0.9 పెట్టి ఉంటుంది. ఇంగ్లీషుకి అది బాగుంటుంది, మనకి కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కదా, పై వరసలో ఒత్తు కింద వరస గుడిలో ఇరుక్కుంటుంది. హోమ్ ట్యాబ్‌లో లైన్ స్పేసింగ్ ఆప్షన్స్‌కి వెళ్లి మల్టిపుల్ దగ్గర 1 గానీ 1.1 గానీ వేయండి, స్లైడు ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది. రెండోది, ఒకే మందంతో వచ్చే ఫాంట్లకి బోల్డ్ కొట్టకండి. రామభద్ర ఇప్పటికే లావు ఫాంటు, దానికి మళ్లీ బోల్డ్ కొడితే కంప్యూటర్ దొంగ బోల్డ్ చేస్తుంది, అక్షరాల లోపల ఖాళీలు పూడిపోయి దూరం నుంచి అన్నీ నల్ల మచ్చల్లా కనపడతాయి. ఇటాలిక్ అయితే తెలుగుకి అస్సలు వద్దు, గుండ్రటి అక్షరాలు పక్కకి ఒరిగితే తాగినట్టుంటాయి.

ఏ ఫాంటు అంటే గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, మల్లన్న, గిడుగు ఇలా చాలా ఉన్నాయి, డబ్బులు కట్టక్కర్లేదు. గిడుగు పేరు చూసి నాకు భలే ముచ్చటేసింది, గిడుగు రామమూర్తి పంతులు గారు ఉండి పని చేసింది మా పక్కన పర్లాకిమిడిలోనే, అక్కడి కొండల్లో సవరలు మాట్లాడే సవర భాష నేర్చుకున్నదీ అక్కడే. మనం మాట్లాడే తెలుగే రాయాలని పోట్లాడిన మనిషి, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఆయన పేరున్న ఫాంటులో "కార్యాచరణ మూలధన రుణ మంజూరు" అని టైపు చేస్తే ఏమంటారో మీరే ఊహించుకోండి. ఒడియా, తెలుగు రెండూ ఒకే స్లైడు మీద ఉండాల్సొస్తే మాత్రం విండోస్‌లో ఉండే నిర్మలా యూఐ వాడండి, రెండు లిపులూ ఒకే చేత్తో రాసినట్టుంటాయి. కానీ రెండూ ఒకే సైజులో పెట్టకండి, చూసేవాళ్లలో ఎక్కువమంది ఏది చదువుతారో అది పెద్దగా, రెండోది సగం.

పాత డీటీపీ ఫాంట్లు మాత్రం వద్దు, ఈ దెబ్బ నేను తిన్నా. అను ఫాంట్లతో అందంగా టైటిలు పెట్టి పెన్‌డ్రైవ్‌లో పట్టుకుని బరంపురంలో ఒక మీటింగ్‌కి వెళ్లా, అక్కడ కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు, తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు. వెనక ఎవరో ఇది ఏ భాష అని కూడా అడిగారు. అవి యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగుని తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతి) కావు, ఫాంటు లేకపోతే లోపలున్న గజిబిజి బయటపడుతుంది. యూనికోడ్ ఫాంటు వాడినా సరే, ఫైల్, ఆప్షన్స్, సేవ్ లోకి వెళ్లి ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్ దగ్గర టిక్కు పెట్టండి, ఫాంటు కూడా ఫైలుతోపాటే వస్తుంది, పక్కన ఒక పీడీఎఫ్ కాపీ కూడా ఉంచుకోండి.

రంగులకి నేను చెప్పేది ఒకటే, బరంపురం పట్టు చీర చూడండి. ఒంటి రంగు ఒకటి, అంచు ఒకటి, ఆ అంచులో కుంభాలు మెరిసేది ఇంకొకటి. మూడే. స్లైడులో ఎక్కువ భాగం ఒంటి రంగు, అంచు రంగు కొంచెం, మెరుపు ఒక్కచోటే, అది కూడా టైటిల్లో ముఖ్యమైన మాట మీద. మావయ్య స్లైడుకి లేత మీగడ రంగు ఒళ్లు, కాల్చిన జీడిపిక్క ముదురు గోధుమ రంగు అక్షరాలు, "ఏడాదంతా" అన్న మాటకి మాత్రం జీడిపండు నారింజ, అదీ బాగా ముదురు నారింజ, లేతది అయితే మీగడ మీద ఆనదు. ప్రొజెక్టర్ నలుపుని చూపించలేదు, వెలుతురు వేయకుండా వదిలేస్తుందంతే, కాబట్టి కిటికీలు తెరిచి ఉన్న గదిలో నల్ల బ్యాక్‌గ్రౌండు బూడిద రంగులో కనపడుతుంది. వెలుతురు గదికి లేత ఒళ్లు, ముదురు అక్షరాలు. టీవీ అయితే మీ ఇష్టం. తెలుపు మీద పసుపు అక్షరాలు ఏ గదిలోనూ వద్దు.

ఫోటో నెట్‌లోంచి దింపకండి, మీ ఫోన్ అడ్డంగా పట్టుకుని మీరే తీయండి. మేం తీసింది గ్రేడింగ్ బల్ల మీద పప్పు ఏరుతున్న ఒక చేయి, మొహం లేదు, చేయి, పక్కన తెల్లటి పప్పు కుప్ప, ఎడమ వైపు ఖాళీ బల్ల. ఆ ఖాళీ కావాలనే వదిలాం, టైటిలు అక్కడ కూర్చోవాలి కదా. వాట్సాప్‌లో పంపితే ఫోటో నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపించుకోండి. ఫోటో స్లైడు నిండా రావాలంటే పక్క చుక్కలు పట్టుకుని లాగకండి, చేయి కాస్తా అరటిగెల అవుతుంది, మూల చుక్క పట్టుకుని పెంచి ఎక్కువైంది క్రాప్ చేయండి.

ఫోటో మీద అక్షరాలు ఆనకపోతే ఒక చిట్కా. స్లైడు అంత దీర్ఘచతురస్రం గీయండి, అవుట్‌లైన్ తీసేయండి, ఫిల్‌లో గ్రేడియెంట్ (ఒక చివర నుంచి ఇంకో చివరకి మెల్లగా మారే రంగు) పెట్టి రెండే స్టాప్‌లు, అంటే రంగు గుర్తులు, ఉంచండి, రెండిటికీ అదే మీగడ రంగు, ఎడమదానికి ట్రాన్స్‌పరెన్సీ (వెనకది ఎంత కనపడాలో) 0, కుడిదానికి 100. డైరెక్షన్ ఎడమ నుంచి కుడికి. ఇప్పుడు ఎడమ వైపు పొగమంచు పట్టినట్టు లేతగా, కుడి వైపు చేయి, పప్పు స్పష్టంగా ఉంటాయి. అన్నిటికంటే కింద ఫోటో, దాని మీద ఈ పెట్టె, పైన అక్షరాలు, వరస తప్పితే రైట్ క్లిక్ చేసి సెండ్ టు బ్యాక్.

లోగో కింద మూల చిన్నగా చాలు. చుట్టూ తెల్ల డబ్బా ఉంటే వెనక రంగు లేని పీఎన్‌జీ ఫైలు అడిగి తెచ్చుకోండి. తేదీ, ఊరు, చెప్పేవాళ్ల పేరు ఒక్క వరసలో. అయిపోయింది.

చివరికి బోర్డు పరీక్ష. వ్యూ ట్యాబ్‌లో స్లైడ్ సార్టర్‌లోకి వెళ్లి బొమ్మని అగ్గిపెట్టంత చేయండి, టైటిలు చదవగలిగితే పాస్. తర్వాత ఎఫ్5 కొట్టి గది అవతలి గోడ దగ్గర నిలబడి కళ్లు సగం మూసి చూడండి, ముందు ఏది కనపడిందో అదే మీ చేరే ఊరు. మావయ్య స్లైడుకి నేను చూస్తే మొదట చేయి కనపడింది, టైటిలు కాదు, అందుకని ఫోటోని ఇంకొంచెం కుడికి జరిపి టైటిలు అక్షరాల సైజు 54 నుంచి 66 చేశాం.

హోంవర్క్ రెండు. మీ కాగితం మీద లైనుని ఇంట్లో ఎవరికైనా నోటితో చెప్పండి, మీ నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు రాసి టైటిలు చేయండి. అదే స్లైడు ఇంకొకరి కోసం, అంటే బ్యాంకు బదులు కొనేవాళ్ల కోసం, లైను మార్చి రెండో కాపీ చేయండి. ఐదో పాఠంలో రెండో స్లైడు, అంటే లెక్కలు. మావయ్య పోయిన సీజను కొనుగోలు పుస్తకం తెస్తానన్నాడు, మీ పుస్తకం మీరు తీసి ఉంచుకోండి.