డెల్టాలో డాబా మీద సోలార్: ఉప్పుగాలి, మట్ట నీడ, మిట్టమధ్యాహ్నం వోల్టేజీ

రాష్ట్ర విద్యుత్ బోర్డు 1999లో జెన్‌కో (కరెంటు తయారీ), ట్రాన్స్‌కో (పెద్ద లైన్ల మీద సరఫరా)లుగా విడిపోయింది. మరుసటి ఏడాది గోదావరి జిల్లాల్లో పంపిణీ ఈపీడీసీఎల్ (తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ) చేతికొచ్చింది. 2003 విద్యుత్ చట్టం వచ్చాక కరెంటు తయారీకి లైసెన్సు అక్కర్లేకుండా పోయింది. ఆ దారిలోనే నెట్ మీటరింగ్ (మనం లైనుకు పంపిన యూనిట్లను వాడినవాటిలోంచి తీసేసే లెక్క) వచ్చి, ఇవాళ రాజోలులో డాబా ఉన్న కుటుంబం కూడా లైనుకు కరెంటు ఎక్కించగలుగుతోంది. కాగితాల పని ఎక్కడైనా ఒకటే. డెల్టాలో ప్లాంటును దెబ్బతీసేవి మాత్రం వేరు, వాటినే వివరంగా చూద్దాం.

ముందు 12 నెలల బిల్లులు దగ్గర పెట్టుకోండి. కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు లెక్కేసుకోవచ్చు. ముసురు పట్టిన వారంలో అందులో సగం వచ్చినా గొప్పే. 3 కిలోవాట్లకు నెలకు 300 నుంచి 350 యూనిట్లు వస్తాయి, జాగా 300 చదరపు అడుగుల దాకా కావాలి. మన కరెంటు బిల్లు శ్లాబుల్లో మొదటి యూనిట్లు చౌక, చివరివి ఖరీదు. అందుకే నెలకు 250 యూనిట్లు కాలే ఇంటికి 2 కిలోవాట్లు చాలు, 3 వేయించమని వెంటపడితే ఆగి ఆలోచించండి. కేంద్రం ఇచ్చే పీఎం సూర్య ఘర్ పథకం కింద 2 కిలోవాట్లకు 60,000 రూపాయలు, 3 గానీ అంతకు మించి గానీ అయితే 78,000 సబ్సిడీ. ప్యానెల్‌లోని సెల్ కూడా దేశంలో తయారైనదై ఉండాలి. ఈ షరతునే 'డీసీఆర్' అంటారు, ఆ మాట కొటేషన్‌లో రాయించుకోండి.

మీటరు ఇంకా తాతగారి పేరునే ఉందా? దరఖాస్తుకు ముందే పేరు మార్పించండి, లేకపోతే సబ్సిడీ దగ్గర పని ఆగిపోతుంది. 2024లో సవరించిన నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల దాకా సాంకేతిక పరిశీలన లేకుండానే దరఖాస్తు ఆమోదం పొందినట్టే.

ఇక నీడ. దొడ్లో దక్షిణాన కొబ్బరిచెట్టు ఉంటే డిసెంబరులో చూడండి. అప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఉదయం 9కి, సాయంత్రం 3కి నీడ ఎక్కడిదాకా వస్తోందో శ్లాబు మీద సుద్దతో గీయండి. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికి జరుగుతాడు, కాబట్టి వేసవిలో చూసి నీడ లేదనుకుంటే పొరపాటే. ప్యానెళ్లు వరసగా ఒకే తీగ మీద ఉంటాయి. ఒక్క మట్ట నీడ అడ్డంగా పడినా ఆ ప్యానెల్ దిగుబడి బాగా పడిపోయి, మొత్తం వరసను వెనక్కి లాగుతుంది. కాయ పడే చెట్టు కింద మాత్రం అసలు బిగించకండి.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. మన తీరానికి డిజైన్ గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరుకు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. 540 వాట్ల ప్యానెల్ రెండున్నర చదరపు మీటర్లు, బరువు 28 కిలోలు. గాలి దాన్ని దాదాపు 380 కిలోల బలంతో తోస్తుంది. 1996 నవంబరు తుపాను కోనసీమలో కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది, కాబట్టి ఈ లెక్క కాగితం మీది భయం కాదు. కాంక్రీటు దిమ్మెలు పెట్టేసి ఊరుకుంటే చాలదు. కాళ్లను దూలాల మీద పడేట్టు నిలబెట్టి కెమికల్ యాంకర్లతో (రంధ్రంలో రసాయన జిగురుతో పట్టే బోల్టులతో) పట్టించండి. రంధ్రాల చుట్టూ వాటర్‌ప్రూఫ్ చేయకపోతే శ్లాబు ఉరుస్తుంది. వాలు 10 నుంచి 15 డిగ్రీలు చాలు. మేడ మీద ఎత్తుగా పందిరిలా లేపితే నీడైతే దొరుకుతుంది గానీ, ఆ ఎత్తుకు స్టీలు కూడా పెంచాలి.

అంతర్వేది, మొగల్తూరు వైపు ఉప్పుగాలికి సాదా బోల్టు త్వరగా తుప్పు పడుతుంది. హాట్ డిప్ గాల్వనైజ్ చేసిన, అంటే కరిగిన జింకులో ముంచి తీసిన స్ట్రక్చర్ (పూత కనీసం 80 మైక్రాన్లు), 316 గ్రేడు స్టెయిన్‌లెస్ బోల్టులు, అల్యూమినియం ఫ్రేముకీ స్టీలుకీ మధ్య రబ్బరు వాషరు, ఐఈసీ 61701 అనే ఉప్పుగాలి పరీక్ష నెగ్గిన ప్యానెళ్లు అడగండి. సైటులో వెల్డింగ్ చేస్తే ఆ చోట జింకు పూత కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. చవుడు నేలలో ఇనుప పైపు ఎర్తింగ్ నిలవదు. రాగి పూత రాడ్లే వేయండి. డీసీకి (ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటు), ఏసీకి (ఇంట్లో వాడే కరెంటు), పిడుగు రక్షణకి మూడు వేరువేరు ఎర్తులు.

వోల్టేజీని చాలామంది పట్టించుకోరు. చేపలు, రొయ్యల చెరువుల ఊళ్లలో ఏరేటర్లు (నీటికి గాలి అందించే మోటార్లు) ఎక్కువగా రాత్రిపూట తిరుగుతాయి, మధ్యాహ్నం లైను ఖాళీ. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా చివరి స్తంభం మీదున్న ఇంట్లో సరిగ్గా ఎండ బాగున్నప్పుడే వోల్టేజీ పెరుగుతుంది. 230కి 10 శాతం, అంటే 253 దాటితే చాలా ఇన్వర్టర్లు (ప్యానెళ్ల డీసీని ఇంటి ఏసీగా మార్చే పెట్టెలు) ఆగిపోతాయి. అందుకే బిగించకముందే మూడు రోజులు మధ్యాహ్నం 12కి మల్టీమీటరుతో కొలిచి రాసుకోండి. 245 దాటుతుంటే లోడు ఎక్కువున్న ఫేజుకు మార్చమని సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి. ఇన్వర్టర్ నుంచి మీటరుకు 30 మీటర్లుంటే, 3 కిలోవాట్ల కరెంటుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీద దాదాపు 6 వోల్టులు పెరుగుతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే రెండున్నర వోల్టులే.

నెట్ మీటరు బిగించేదాకా ఇన్వర్టర్ ఆన్ చేయకండి. పాత ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలావాటికి దిశ తెలియదు, మీరు పంపిన యూనిట్లు కూడా వాడకంగానే ఎక్కుతాయి. కొత్త మీటరు పెట్టిన రోజు మధ్యాహ్నం ఇంట్లో అన్నీ ఆపి తెర చూడండి. 1.8.0 దిగుమతి, 2.8.0 ఎగుమతి. రెండోది కదలాలి. మొదటిది కదిలితే వైర్లు తిరగబడ్డాయన్నమాట, అక్కడికక్కడే చెప్పి సరిచేయించండి.

బయట కరెంటు పోతే మీ సోలారూ ఆగుతుంది. స్తంభమెక్కిన లైన్‌మేన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటది, దాన్ని ఎవరు తప్పిస్తామన్నా ఒప్పుకోకండి. తుపాను రోజుల్లో ఫ్యానూ ఫ్రిజ్జూ నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి, ఆ ఖర్చు వేరు.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ముందు ఏసీ స్విచ్, తర్వాత డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల వైపు స్విచ్) ఆపండి. ఎండలో కనెక్టర్లను పీకకండి. ఆరు ప్యానెళ్ల వరసలో దాదాపు 300 వోల్టుల డీసీ ఉంటుంది, నడుస్తుండగా లాగితే మంట లేస్తుంది. నట్లన్నీ బిగించి, మేడ మీద విడిగా ఉన్న రేకులు, తొట్లు దించేయండి. గాలి తగ్గాక అద్దాలు పగిలాయేమో చూసి, ఇన్వర్టర్‌లోకి నీరు చేరలేదని తేలాకే డీసీ, ఆ తర్వాత ఏసీ వేయండి. ఉప్పు పొరను మంచినీళ్లతో తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడే కడగండి.