తక్కువ కరెంటుతో చల్లని ఇల్లు – 4వ పాఠం: డాబాకు తెల్లపూత

పోయిన పాఠంలో ఏసీని 24 దగ్గర పెట్టి, ఫ్యాన్ కలిపి వాడటం నేర్చుకున్నాం. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందన్న ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క కూడా చూశాం. కానీ పై అంతస్తులో ఉండేవాళ్లకు ఎండాకాలం ఆ 24 చాలదు. రాత్రి పదింటికి ఫ్యాన్ వేసినా వేడిగాలే కొడుతుంది. అది నెత్తిమీది స్లాబు చేసే పని.

ఈ రాత్రి తొమ్మిదింటికి ఫ్యాన్ ఆపి, స్టూలెక్కి సీలింగ్‌కు అరచెయ్యి ఆనించండి. దిగి, ఎండ తగలని లోపలి గోడకు ఆనించండి. పాఠం సగం అక్కడే అర్థమవుతుంది.

పాతబడి నల్లబడ్డ కాంక్రీటు తన మీద పడ్డ ఎండలో ముప్పావు వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పీల్చుకుంటుంది. ఆ వేడి అయిదంగుళాల స్లాబు దాటి లోపలికి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం కంటే పొద్దుగూకాక ఇల్లు ఎక్కువ ఉడుకుతుంది. మన పెద్దవాళ్లు సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి పక్కలు వేసుకునేవారు. ఎక్కిన వేడిని దించే పద్ధతి అది. తెల్లపూత వేస్తే అంత వేడి అసలు ఎక్కదు. తాజా తెలుపు, మీద పడ్డ ఎండలో చాలా భాగాన్ని తిప్పి పంపేస్తుంది.

వెండిరంగు పెయింట్ కొనాలని కొందరికి అనిపిస్తుంది. వద్దు. అది మెరుస్తుంది కానీ ఎక్కిన వేడిని తెలుపులా త్వరగా వదలదు.

ఇక పని. పూత మార్చి నెల దాటకముందే పడాలి. ముందు డాబా ఊడ్చి, నాచు గీకి, కడిగి ఆరనివ్వండి. నేను మొదటిసారి నాచును వదిలేసి పూత వేశాను. రెండు వారాలకే పెచ్చులుగా లేచిపోయింది. ఈ మెట్టు దగ్గర మాత్రం తొందరపడకండి. పగుళ్లుంటే తాపీమేస్త్రితో పూడ్పించాకే పూత. సున్నం లీకేజీని ఆపదు.

సున్నాన్ని ముందురోజే నీళ్లలో నానబెట్టి, గుడ్డతో వడగట్టండి. గుల్ల సున్నమైతే నీళ్లు తగలగానే సలసలా మరుగుతుంది. ప్లాస్టిక్ బకెట్ వాడకండి, పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి, కళ్లకు రక్షణ అద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్లతో చాలాసేపు కడిగి, డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. వడగట్టిన సున్నంలో రంగుల షాపులో దొరికే జిగురు కొంచెం కలపండి. చిక్కదనం పాలలా ఉంటే చాలు. చిక్కగా వేస్తే ఎండి రాలిపోతుంది.

డాబాను కొద్దిగా తడిపి, ఎండ తగ్గాక మొదటి పూత నిలువుగా వేయండి. ఆరాక రెండోది అడ్డంగా. మెట్ల వైపు ముగిసేలా వెనక్కి నడుస్తూ రండి.

సున్నం పూత వానలకు కొట్టుకుపోతుంది, ఏటా వేయాల్సిందే. డబ్బు పెట్టగలిగితే, ఎండను తిప్పికొట్టేలా తయారుచేసిన కూల్ రూఫ్ పెయింట్ కొన్నేళ్లు ఉంటుంది. పాత ఇళ్ల డాబాల మీద కనిపించే తెల్ల పింగాణీ ముక్కల పరుపు ఇంకా మన్నుతుంది. ఏదైనా దుమ్ము పట్టిందంటే తెలుపు పని తగ్గుతుంది, ఎండలు ముదిరే ముందు కడగాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే కొత్త ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేసింది. నా దృష్టిలో ఇది అంతకంటే ముందు కావాల్సింది చిన్న ఇళ్లకు, ఏసీ కొనలేని పై వాటా అద్దెవాళ్లకు.

ఈ వారం పని: పిట్టగోడ నీడ పడని చోట రెండడుగుల చదరానికి మాత్రమే పూత వేయండి. ఆరిన మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ముందు తెలుపు మీద, తర్వాత పక్కనున్న నల్ల స్లాబు మీద ఒక్క క్షణం చెయ్యి పెట్టి చూసి, తేడా నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే పాఠంలో పడమటి గోడ, దాని కిటికీలు.