జెండా పండుగ ఎట్లా చేయాలి: ఒక డ్రిల్ సారు చెప్పే పద్ధతి

పరకాల చుట్టుపక్కల బడుల్లో ఇరవై రెండేళ్లుగా డ్రిల్ మాస్టరుగా పనిచేస్తున్నాను. ఆగస్టు 15, జనవరి 26 దగ్గర పడ్డాయంటే ఫోన్లు మొదలవుతాయి. "సార్, ముడి ఎట్లా వేయాలె?", "సార్, కాషాయం ఏ కొసకు ఉండాలె?" అని అడుగుతారు. అందరికీ ఒక్కచోట చెప్పేద్దామని ఇది రాస్తున్నాను. ముడి సంగతి చెప్తాను. దానికంటే ముందు ఇంకొకటి చెప్పాలి.

పోయిన జనవరిలో రిహార్సల్ అయిపోయాక తొమ్మిదో తరగతి పిల్లాడొకడు ఆగాడు. "సార్, మా నాయిన హోటల్‌కు పోతే ఆయనకు ప్లాస్టిక్ గ్లాసుల చాయ్ పోస్తరు. పక్కనున్నోళ్లకు గాజు గ్లాసు ఇస్తరు. మరి మనం జెండాకు సెల్యూట్ ఎందుకు కొట్టాలె?" అన్నాడు. వాడు ఎదురు మాట్లాడుతున్నట్టు లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నాకు వెంటనే జవాబు రాలేదు. వాడి వయసు కంటే ముందే నాకూ అదే ప్రశ్న వచ్చింది, ఎవరినీ అడగలేదు.

మా నాన్న ఊరి కావలికారు. జెండా పండుగకు ముందు రోజు గద్దె కడిగి, సున్నం వేసి, గుంజ సరిచేసి, తాడు కట్టేది ఆయనే. తెల్లారి ఊరి పెద్దమనిషి వచ్చి తాడు లాగేవాడు. ఒక ఏడు ముడి బిగుసుకుని జెండా విచ్చుకోలేదు. అందరూ నాన్న వైపు చూశారు. చెప్పులు విడిచి, గుంజ పట్టుకుని పైకి పాకి ముడి వదులు చేశాడు. పూలన్నీ ఆయన నెత్తి మీదే రాలాయి. దిగీ దిగగానే "ఇగ నువ్వు అవతల నిలబడు" అన్నారు. తర్వాత బూందీ పంచారు. అందరికీ చేతుల్లో పెట్టారు. నాన్న తువ్వాల పట్టుకుంటే, చెయ్యి తగలకుండా జానెడు ఎత్తు నుంచి జారవిడిచారు. కొన్ని పలుకులు మట్టిలో పడ్డాయి. నాన్న వంగి ఒక్కొక్కటి ఏరుకున్నాడు. నేను పక్కనే నిలబడి చూశాను.

అందుకే ఆ పిల్లాడికి నోటి మాటతో జవాబు చెప్పకుండా, ఆదివారం నాడు పరకాల అమరధామం తీసుకెళ్లాను. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన పద్దెనిమిది రోజులకు, 1947 సెప్టెంబర్ 2న, జెండా ఎగరేయడానికి చుట్టుపక్కల ఊళ్ల జనం పరకాలకు వచ్చారు. ఇక్కడ ఇంకా నిజాం పాలనే నడుస్తోంది, ఆ జెండా పట్టుకోవడమే నేరం. పోలీసులు కాల్పులు జరిపారు. అందులో చనిపోయినవాళ్ల గుర్తుగా కట్టిందే ఈ అమరధామం. అంతకు ఏడాది ముందే, 1946 ఆగస్టు 11న, వరంగల్ కోటలో జెండా ఎగరేసిన రోజున బత్తిని మొగిలయ్యను రజాకార్లు చంపారు. వరంగల్‌లో ఆయన పేరు మీద హాలు ఉంది. దాని ముందు నుంచి రోజూ పోయేవాళ్లలో ఆయన ఎవరని ఆగి అడిగేవాళ్లు తక్కువ. "వీళ్లు వెట్టి పోతుందని, దొర గడి ముందు చెప్పులు చేత పట్టుకోవడం పోతుందని నమ్మి వచ్చిన జనంరా" అని చెప్పాను. "ఆ నమ్మకానికి నేను సెల్యూట్ కొడతాను. మీ నాయినకు ప్లాస్టిక్ గ్లాసు ఇచ్చేటాయన ఆ నమ్మకానికి బాకీ ఉన్నడు" అన్నాను. వాడికి పూర్తిగా నచ్చిందో లేదో తెలియదు. తలూపి ఊరుకున్నాడు.

కాబట్టి జెండా పండుగలో మొదటి పని జెండా కొనడం అనుకోకండి. తాడు ఎవరు లాగాలో తేల్చడం మొదటి పని. పది రోజుల ముందే కూర్చోండి. పంచాయతీ ఆఫీసు దగ్గర ఎగరేసేది సర్పంచ్. సర్పంచ్ మహిళ అయితే తాడు ఆమె చేతిలోనే ఉండాలి, ఆమె భర్త జనంలో నిలబడాలి. ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్‌లో గెలిచినవాళ్లను "నీకు అలవాటు లేదు, మేం చూసుకుంటం" అని పక్కకు తప్పించడం చాలాచోట్ల జరుగుతుంది. తమిళనాడులో దళిత పంచాయతీ అధ్యక్షులను జెండా ఎగరేయనివ్వడం లేదని గొడవలై, 2022లో ప్రభుత్వ ప్రధాన కార్యదర్శే కలెక్టర్లకు లేఖ రాయాల్సి వచ్చింది. మన దగ్గర అంత దూరం పోకముందే సరిచేసుకోవాలి. ముందు రోజు సాయంత్రం సర్పంచ్‌ను పిలిచి నాలుగుసార్లు తాడు లాగించండి. చేతికి అలవాటైతే ఆమెకు టెన్షన్ ఉండదు, పక్కనుంచి అందుకునేవాళ్లకు సాకూ ఉండదు.

బడిలో హెడ్మాస్టర్ ఎగరేస్తారు. కుల సంఘం దగ్గర, యూత్ క్లబ్ దగ్గర, ఆటో స్టాండ్ దగ్గర, వాడలో ఎవరి చేతికి ఇవ్వాలనేది మన ఇష్టం. నా సలహా ఒక్కటే: గద్దె కడిగిన చేతికి ఇవ్వండి. మోరీలు తీసే మల్టీపర్పస్ వర్కర్, ఆశ వర్కర్, బడిలో అన్నం వండే అక్క, తండా నుంచి బడికి వచ్చి టెన్త్ పాసైన మొదటి పిల్ల. "ఊరి జెండా ఊళ్లోనే, వాడకు ఎందుకు?" అని ఎవరైనా అంటే చెప్పండి: జెండా ఎగరేసుకోవడం పౌరుడి భావ ప్రకటనా హక్కులో భాగమని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. గౌరవంగా ఎగరేస్తే చాలు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ఇక జెండా. పొడవు మూడు వంతులైతే ఎత్తు రెండు వంతులు. ఊళ్లలో ఉండే ఇరవై అడుగుల గుంజకు 1350×900 మిల్లీమీటర్లది, అంటే దాదాపు నాలుగున్నర అడుగులకు మూడు అడుగులది సరిపోతుంది. 2021 డిసెంబర్‌లో ఫ్లాగ్ కోడ్, అంటే జెండా వాడకం నియమాలు, మార్చి పాలిస్టర్‌కూ, మిషన్ మీద తయారైన జెండాలకూ అనుమతి ఇచ్చారు. అప్పటి నుంచి ఆగస్టు వస్తే రోడ్ల పక్కన కుప్పలుగా అమ్ముతున్నారు. వాటిలో చక్రం కోడిగుడ్డులా సాగినవి, ఆకులు తక్కువైనవి చాలా వస్తాయి. ఆకులు 24 ఉండాలి, రంగు ముదురు నీలం. కొనే ముందు లెక్కపెట్టండి. నేను ఈ పని ఆరో తరగతి పిల్లలకు అప్పజెప్తాను. ఖాదీ దొరికితే ఖాదీయే తీసుకోండి, గాలికి విచ్చుకునే తీరే వేరు.

గుంజ మీది గిరకకు రెండు చుక్కల నూనె వేయండి. తాడు కొత్తదైతే ఒకసారి గట్టిగా సాగదీయండి. ఆగస్టులో వానకు నూలు తాడు ఉబ్బి గిరకలో ఇరుక్కుంటుంది. సగం ఊళ్లలో జెండా మధ్యలో ఆగేది ఇందుకే. నైలాన్ తాడు వాడండి, లేదంటే నూలు తాడును ముందు రోజు రాత్రి విప్పి ఇంట్లో పెట్టుకోండి.

ముడి దగ్గర నిదానం కావాలి. జెండా ఒక అంచున తెల్లగుడ్డ గొట్టంలా కుట్టి ఉంటుంది, అందులో సన్న తాడు దూరి ఉంటుంది. పై కొసకు ఉచ్చుగానీ చిన్న కొయ్య బిళ్లగానీ ఉంటుంది, అది కాషాయం వైపు. ఈ కొసను గుంజ తాడు పై భాగానికి కట్టాలి. తలకిందులయ్యేది ఇక్కడే, కాబట్టి కట్టినాక ఇంకొకరితో చూపించుకోండి. ఆగస్టు 15న జెండాను కింది నుంచి పైకి లాగి ఎగరేస్తాం, జనవరి 26న పైన కట్టి ఉంచిన మూటను విప్పుతాం. ఇది ఆనవాయితీ. మూట కట్టాలంటే జెండాను బల్ల మీద పరిచి నిలువునా మడవండి. ఎగిరే కొస నుంచి గొట్టం అంచు దాకా విసనకర్ర మడతలు పెట్టండి. మధ్యలో గుప్పెడు బంతి రెక్కలు వేయండి. రెక్కలు వేయడానికి కోడ్‌లో అభ్యంతరం లేదు. కానీ పూలకు పూలు వేయకండి, బరువుకు మూట జారుతుంది, తడికి తెల్లపట్టీ మీద పసుపు మరకలు పడతాయి. కింది తాడుతో మూటను రెండు చుట్లు చుట్టి, మూడోసారి తాడును జంటగా మడిచి ఆ మడతను చుట్ల కిందికి దోపండి. కొస వదులుగా ఉండాలి. బూటు లేసు ఒక కొస లాగితే ఊడినట్టు ఇదీ ఒక్క లాగుకు ఊడాలి. ఊడుతుందో లేదో కిందే మూడుసార్లు లాగి చూడండి. మా నాన్న గుంజ ఎక్కాల్సి వచ్చిన రోజున తాడుకు ఊరి పెద్దలు రెండో ముడి వేయించారు, గట్టిగా ఉండాలని.

తెల్లారి కుర్చీల సంగతి చూడండి. వేస్తే అందరికీ వేయండి, లేకపోతే ఎవరికీ వద్దు. ముందు వరసలో ఊరి పెద్దలు, వెనక రోడ్డు మీద వాడ జనం నిలబడే పద్ధతి ఇప్పటికీ ఉంది. నేనైతే పిల్లలతో ముగ్గుతో గుండ్రంగా గీత గీయించి, గద్దె చుట్టూ అందరినీ ఆ గీత మీద నిలబెడతాను. గుండ్రంలో ముందు వరస ఉండదు. ఎగరేసేటప్పుడు చురుగ్గా లాగాలి. యూనిఫాంలో ఉన్నవాళ్లు సెల్యూట్ చేస్తారు, మిగతావాళ్లు నిటారుగా నిలబడితే చాలు. జనగణమనకు 52 సెకన్లు, పరుగెత్తించకండి.

ఎవరైనా పిల్లాడు నిలబడినా పాడకుండా ఉంటే కొట్టకండి, అందరిలో నిలదీయకండి. కేరళలో ఇట్లాగే నిలబడినా పాడని ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు అది తప్పని చెప్పి తిరిగి చేర్పించింది. పిల్లలను భయపెట్టి తెప్పించే గౌరవం నాకు అక్కర్లేదు.

ఉపన్యాసాలు రెండు చాలు. జనవరి 26న నేను ఒక్క సంగతే చెప్తాను. రాజ్యాంగం ఆమోదం పొందడానికి ముందు రోజు, 1949 నవంబర్ 25న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, రాజకీయాల్లో సమానత్వం, సమాజంలోనూ డబ్బులోనూ అసమానత ఉండే వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని హెచ్చరించారు. ఇది చెప్పి, అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణాన్ని ఒక పిల్లతో చదివిస్తాను. రెండు వాక్యాలే. చదివేటప్పుడు కొందరు పెద్దలు నేల చూపులు చూస్తారు. చూడనివ్వండి.

మిఠాయి చేతిలో పెట్టండి. వేళ్లు అరచేతికి తగలాలి. చాయ్ ఉంటే అందరికీ ఒకే రకం గ్లాసులు.

2022 నుంచి ఆరుబయట రాత్రీపగలూ ఎగరనివ్వొచ్చు. అయినా చూసుకునేవాళ్లు లేనిచోట పొద్దు గూకక ముందే దించేయడం మంచిది. దించడం నెమ్మదిగా చేయాలి, నేలకు తగలనివ్వకూడదు. కాషాయం, ఆకుపచ్చ తెలుపు కిందికి పోయేలా మడిచి, చక్రం పైకి కనిపించేలా రెండు అరచేతుల మీద తీసుకెళ్లాలి. చిరిగిపోయిన జెండాను చెత్తబండిలో వేయకండి. మరుగున, మర్యాదగా, మొత్తంగా కాల్చేయండి. కాగితపు జెండాలను అదే సాయంత్రం ఏరించండి. ఏరే పని ఒక్క వాడ పిల్లలకే చెప్పొద్దు, తరగతి తరగతికీ వంతు వేయండి.

పోయిన జనవరి 26న వాడలో కొత్తగా కట్టిన గద్దె దగ్గర తాడు లాగింది మా బడిలో ముప్పై ఏళ్లు ఊడ్చి రిటైరైన అవ్వ. ముందు రోజు సాయంత్రం నాలుగుసార్లు నేర్పాను. అయినా పొద్దున చేతులు వణికాయి. ఒక్క లాగుకే విచ్చుకుంది. ఆ తొమ్మిదో తరగతి పిల్లాడు నా పక్కనే ఉన్నాడు. సెల్యూట్ కొట్టలేదు. అవ్వ నెత్తి మీద పడ్డ బంతి రెక్కలను ఏరి జేబులో వేసుకున్నాడు. సాయంత్రం దించేటప్పుడు మాత్రం "సార్, నేను మడుస్త" అని ముందుకొచ్చాడు. జెండా ఇప్పుడు వాళ్లింట్లోనే ఇనుప పెట్టెలో ఉంది, వేపాకు వేసి పెట్టాడు. ఆగస్టుకు తాడు కొత్తది కొనాలి, పాతదానికి రెండుచోట్ల పోగులు లేచాయి. పదమూడో తారీఖు వాణ్నే వెంటబెట్టుకుని పరకాల పోయి తెస్తాను.